చెయ్యి మారిన చోటు

నాయనా,

నువ్వు పోయి నేటికి నెల. మగ్గం మీద సగంలో వదిలేసిన నీ చీరను నేనే నేసి ముగించాను. ఈ రోజు ఆదోనికి తీసుకెళ్ళి, నీ చీరలన్నీ కొనే అంగడాయనకు చూపించాను. ఆయన వేలితో తడుముతూ పోయి మధ్యలో ఆగాడు.

"ఈడిదాకా మీ నాయన సెయ్యి, మెత్తగుంది. ఈడ్నుంచి నీదే కదమ్మా? పోగు శానా గట్టిగా కొట్టినావు," అన్నాడు.

నువ్వు ఏనాడూ ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనలేదు. నేను నీ దినాల నాడు కూడా ఏడవలేదు. ఆ మర్నాటి నుంచి మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే ఉన్నాను.

"ఈడ కోసి రెండు ముక్కలు సేస్తే అమ్ముడుపోతాది," అన్నాడాయన.

"కొయ్యొద్దన్నా," అని మడిచి తెచ్చుకున్నాను.

మన ఎమ్మిగనూరు వచ్చేదాకా బస్సులో, ఆయన వేలు ఆగిన చోటు కోసం చీరంతా తడిమాను. నా వేళ్ళకు తేడా తెలియలేదు.