పట్టీ వెనక గోడ

నాన్నా,

నమస్కారాలు. ఈ నెల ఇరవయ్యో తేదీన పుస్తకాల హాలు పని నీకు ఖాయం చెయ్యబోతున్నారు. ఆలోపు నీకు ఒక సంగతి తెలియాలి. ఫోనులో చెప్పలేక, ఇంక దాచుకోనూ లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతావు. చుట్టూ నీ పనివాళ్ళందరూ చెవులు రిక్కించి వింటారు. ఇది వాళ్ళు వినాల్సింది కాదు. సిమెంటు లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఒక్కడివే కూర్చుని చదువుకో.

ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, అమ్మ, చెల్లి కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మకి దగ్గు తగ్గిందా? ఇసుక జల్లించేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని అమ్మకి చెబితే, "గుడ్డ కట్టుకుంటే మాట్లాడేదెట్లాగే" అంటుంది. మాట్లాడకపోతే అమ్మకి ఊపిరాడదని నాకూ తెలుసు. అయినా నువ్వు ఇంకోసారి చెప్పు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. గది బాగానే ఉంది. ఇంటావిడ కొత్త కుళాయి పెట్టించింది. తిప్పితే నీళ్ళకన్నా చప్పుడే ఎక్కువ వస్తోంది. వేళకి తింటున్నాను. సైటులో నన్ను ఇంకా "ఇంజనీరమ్మా" అనే పిలుస్తున్నారు. నాది డిప్లొమాయే అని చెప్పినా వినరు. గోడ అడుగున నేల అంచు వెంట స్కర్టింగ్ పట్టీలు బిగించే కత్తెర బాబాయి అయితే, "డిప్లొమా అంటే ఇంజనీరింగుకి చెల్లెలే కదమ్మా, మాకు ఇద్దరూ ఒకటే" అంటాడు.

ఆ ప్లాస్టిక్కు పట్టీలు ఎండకి వంకర పోవా అని అడిగావు. పోవు గానీ, వేడికి కొంచెం సాగుతాయి. అందుకే తెచ్చిన వెంటనే కొయ్యకూడదు. గదిలో పడుకోబెట్టి, అక్కడి వేడికి అలవాటు పడనివ్వాలి. మూలల దగ్గర కాస్త సందు వదిలి దాని మీద మూల ముక్క తొడుగుతాం. గోడకి ముందు క్లిప్పులు బిగించి, వాటి మీద పట్టీ పెట్టి అరచేత్తో గుద్దితే టక్కుమని కూర్చుంటుంది. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి కరెంటు తీగలు కూడా అందులోంచే పంపుతాం. పై అంచుకి పెదవిలా మెత్తటి రబ్బరు ఉంటుంది. గోడ ఎటు పోతే అదీ అటే పోతుంది. నేను చెప్పాల్సిన సంగతికి ఆ రబ్బరుతో పని ఉంది. దాని దగ్గరికి రాకుండా ఇంతసేపూ కుళాయి గురించి రాశాను.

ఇంకో మాట కూడా అడిగావు. "ఈ మధ్య అక్షరాలు చీమల్లా రాస్తున్నావేంటే, కాగితం పొదుపా?" అని. అది చదివి నేను నవ్వాలనే రాసి ఉంటావు. నాకు నవ్వు రాలేదు. నా అక్షరాలు మారలేదు నాన్నా. కావాలంటే పెట్టెలో ఉన్న పాత ఉత్తరం తీసి పక్కన పెట్టి చూడు, లేదా చెల్లిని చూడమను. ఈసారి లావు పెన్నుతో, గీత విడిచి గీత రాస్తున్నాను. నువ్వు ఇది మరొకరి చేత చదివించుకోకుండా ఉండాలని.

మనింట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే అని నువ్వు కనిపించిన ప్రతివాడికీ చెబుతావు. అక్షరాలు నేర్చిన రెండోవాడు ఎవరో చెప్పవు. సాయంత్రం నేను నీ పని దగ్గరికి పలక తెచ్చి కూర్చుంటే, నువ్వు నా పలకలోకి తొంగిచూసి, అప్పుడే పూసిన తడి గోడ మీద తాపీ మొనతో అదే అక్షరం గీసేవాడివి. మేస్త్రీ ఎవరైనా వస్తున్న అలికిడైతే మట్టపలకతో ఒక్క తుడుపు తుడిచి ఏమీ ఎరగనట్టు నిలబడేవాడివి. అలా నేర్చుకున్నవాడివి నాకు ఉత్తరాలు రాస్తున్నావు. నీకు నేను అబద్ధం రాయకూడదు. రాయలేదు కూడా. మాటల్లో చెప్పాను.

పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రిలో నువ్వు మూడు గదులకి పూత పెట్టి వెళ్ళావు కదా. మీరు వెళ్ళాక రంగులు వేశారు. తర్వాత కత్తెర బాబాయి చెక్క పట్టీలు పట్టుకొచ్చాడు. అప్పటికి మా కాగితాల్లో ఉన్నవి చెక్కవే. రోగులు కూర్చునే గదిలో పొడుగు గోడకి మొదటి పట్టీ ఆనించాడు. రెండు కొసలూ గోడని తాకాయి. మధ్యలో ఎడం కనిపించింది. పట్టీ వంకరేమోనని తిరగేసి పెట్టాడు. అదే ఎడం. నేను రసమట్టం, పొడుగు బద్ద తీసుకుని గోడ పొడుగునా మోకాళ్ళ మీద జరుగుతూ చూశాను. నడుం ఎత్తు నుంచి పైకి గోడ నీ గోడే. కిందికి వచ్చేసరికి ఒకచోట లోపలికి పోయింది, ఒకచోట ఉబ్బింది. మిగతా రెండు గదులూ చూశాను. కింద అంతా అంతే.

కత్తెర బాబాయి బద్ద వంక చూసి, నా మొహం వంక చూసి, "గోడ ఊపిరి పీలుస్తోందమ్మా" అన్నాడు. అది ఎవరి గోడో అతనికి తెలుసు.

ఎందుకలా వచ్చిందో నాకు అక్కడే అర్థమైంది. నువ్వు పని చేస్తున్నప్పుడే చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. బల్బు మసకగా ఉందని మార్పించావు. మార్చినదీ మసకగానే ఉందని కొట్టువాణ్ణి తిట్టావు. గోడ నిలువు చూసే తూకం గుండు నువ్వే వదిలి, "ఎంత ఉందే?" అని అమ్మని అడిగావు. అమ్మకి ఆ లెక్క రాదు, "సరిగ్గానే ఉందిలే" అంది. నా చిన్నప్పుడు ఇంకొకరి గోడని దూరం నుంచి చూసి "కడుపుతో ఉందిరా ఇది" అని అందరినీ నవ్వించినవాడివి, నీ గోడని అరచేత్తో తడుముతూ పోయావు. నేల దగ్గరికి వంగి తడమడం నీ నడుముకి కుదరలేదు.

ఆ రోజే నీకు ఫోను చేసి ఉంటే నువ్వు ఏం చేసేవాడివో నాకు తెలుసు. తెల్లారేసరికి వచ్చి ఆ కింది భాగం కొట్టేసి మళ్ళీ పూసి వెళ్ళేవాడివి. నేను చెయ్యలేదు. మా కాంట్రాక్టరు సారు దగ్గరికి వెళ్ళి, "ఆసుపత్రి కదండీ, రోజూ నీళ్ళు పోసి కడుగుతారు. చెక్క ఉబ్బుతుంది, చెదలు కూడా పడతాయి. ప్లాస్టిక్కు మంచిది" అన్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి అలా చెప్పడం వచ్చు. అందులో ఒక్క ముక్కా తప్పు లేదు, అయినా మొత్తం అబద్ధమే. సారు సరేనన్నారు. ప్లాస్టిక్కు పట్టీ గోడతో పాటు వంగింది. రబ్బరు పెదవి ఎడాన్ని మూసేసింది. మరీ ఎక్కువున్న చోట తెల్ల ముద్ద నింపి వేలితో నున్నగా రాశాం. పళ్ళ డాక్టరుగారు చూసి మురిసిపోయారు. "గోడలకి చిగుళ్ళు కట్టించారన్నమాట! చిగుళ్ళు గట్టిగా ఉంటే పళ్ళకి ఢోకా లేదు" అని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత నువ్వు మిగిలిపోయిన సామాను తీసుకెళ్ళడానికి వచ్చావు. ఆ గదిలోకి తీసుకెళ్ళాను. నువ్వు పట్టీని గోటితో టకటకమని కొట్టి, "ఈ గోడకి చెప్పులెందుకే, ఏమన్నా ఊరెళ్తుందా?" అన్నావు. "చెక్క అనుకున్నారు కదా, ఎందుకు మార్చారు?" అని అడిగావు. చెదలు అన్నాను. "సరేలే, చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది" అన్నావు. పట్టీకి పైన గోడ మీద చెయ్యి వేసి నిమిరి, నా వైపు తిరక్కుండానే అడిగావు.

"గోడ ఎట్లా వచ్చిందే?"

"అద్దంలా వచ్చింది నాన్నా."

నువ్వు నమ్మావు. ఆ రోజు సామాను మోసుకెళ్తూ ఏదో పాట కూనిరాగం తీశావు. నీ వెనకే గేటు దాకా నడిచాను.

నీ పరువు కోసమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సగమే నిజం. సారు నాకు ఉద్యోగం ఇచ్చి ఏడాది కాలేదు. సొంత తండ్రిని తెచ్చి పని చెడగొట్టిందంటారని భయం. ఆ భయం నీ మీద పెట్టి, నిన్ను కాపాడుతున్నానని చెప్పుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. పుస్తకాల హాలు పని వచ్చినప్పుడు సారు నన్ను పిలిచి, "ఇక్కడ స్కర్టింగ్ ఉండదు. గోడ సూటిగా నేలకి దిగాలి, కింద నుంచి లైటు పడుతుంది. చిన్న ఉబ్బు ఉన్నా నీడ తేలుతుంది. మీ నాన్నగారు చేస్తారా?" అని అడిగారు. చెయ్యరు అనడానికి నాకు కారణం కావాలి. ఆ కారణం ఏం చెప్పినా ఆసుపత్రి గదుల దగ్గరికి వెళ్తుంది. "చేస్తారు సార్" అన్నాను. నీ ఉత్తరం వచ్చింది. "పట్టీ లేని గోడ! ఇన్నేళ్ళకి నా గోడ గోడలా నిలబడుతుంది" అని రాశావు. కొత్త తాపీ కొన్నావని, కుర్రాళ్ళందరికీ మాట ఇచ్చేశావని, అమ్మ ఎదురింటి వాళ్ళకి కూడా చెప్పిందని రాశావు. అది చదివి నేను దిండులో మొహం పెట్టుకున్నాను.

ఇంకొకటి. ఇది రాయకపోతే ఈ ఉత్తరం కూడా ఆ తెల్ల ముద్ద లాంటిదే అవుతుంది. మంచితనం పొంగుకొచ్చి రాస్తున్నానని అనుకోకు. హాలు గీసిన ఆర్కిటెక్టు మేడం మొన్న ఆసుపత్రి గోడలు చూశారు, ఇరవయ్యో తేదీన మళ్ళీ వస్తున్నారు. "పైన గోడ బాగుంది. ఒక గదిలో పట్టీ ఊడదీయండి, కింద చూస్తాను. చూశాకే ఆయనకి పని" అన్నారు. సారు నవ్వుతూ, "భేషుగ్గా చూడండి, ఈ అమ్మాయి వాళ్ళ నాన్నే" అని నా భుజం తట్టారు. ఆవిడ ఆ మాట అనకపోతే ఈ ఉత్తరం రాసేదాన్నా? రాసేదాన్ననే అనుకోవాలని ఉంది. గట్టిగా చెప్పలేను.

నేను డాక్టర్ని కాను. కానీ నీ వయసులో కళ్ళకి మసక కమ్మితే చాలామందికి అది ఆపరేషనుతో తీసేయగలిగేదే అంటున్నారు. ఇక్కడ మంచి కంటి ఆసుపత్రి ఉంది. నేను సెలవు పెట్టి దగ్గరుండి చూపిస్తాను. చూపించుకునేదాకా సారవ కర్రల మీదికి ఎక్కి పూత పని చెయ్యవద్దు నాన్నా. ఈ ఉత్తరంలో నీకు దేనికి కోపం వచ్చినా ఈ ఒక్క మాట విను. అమ్మ మీద ఒట్టు వెయ్యాలని ఉంది గానీ, ఒట్లు పెట్టే మొహం నాకు లేదు.

ఇరవయ్యో తేదీ ఉదయం, ఆవిడ రాకముందే సారుకి నేనే చెబుతాను. చెక్క మాన్పించి ప్లాస్టిక్కు ఎందుకు వేయించానో, తెలిసీ నీకెందుకు చెప్పలేదో, హాలు పనికి ఎలా తలూపానో అన్నీ. ఉద్యోగం పోతే పోతుంది. ఆ గదుల కింది భాగం ఎవరు మళ్ళీ పూసినా, నేను దగ్గరుండి పట్టీలు విప్పించి, మళ్ళీ బిగించి ఇస్తాను. దీనికి నీ సెలవు అడగడం లేదు. ఇది నా తప్పు.

కానీ ఆయన తప్పకుండా ఇంకో మాట అడుగుతారు. "ఇంత పెద్ద మేస్త్రీ, గోడ అట్లా ఎందుకు వచ్చింది?" అని. దానికి జవాబు నీ కళ్ళు. అవి నీవి. నీకు చెప్పకుండా నీ గోడ దాచాను. నిన్ను అడక్కుండా నీ కళ్ళ సంగతి బయటపెట్టను. నువ్వు చెప్పమంటే చెబుతాను. వద్దంటే నోరు మెదపను, అప్పుడు ఆయన నీకు పనే రాదనుకుంటారు. వాళ్ళు అలా అనుకుంటుంటే పక్కన నిలబడి వినడం నావల్ల అవుతుందో లేదో తెలియదు.

లారీ పద్దెనిమిదో తేదీన అక్కణ్ణుంచి తిరిగి వస్తుంది. ఏం చెప్పమంటావో ఒక్క మాట రాసి డ్రైవరుకి ఇవ్వు. తిట్టాలనిపిస్తే తిట్టు, మొహం చూపించొద్దంటే అదీ రాయి. రాయడం ఇష్టం లేకపోతే నువ్వే ఆ లారీ ఎక్కి రా. ఏదైనా సరే, పంతొమ్మిదో తేదీ సాయంత్రానికల్లా నీ జవాబు నాకు అందాలి నాన్నా.

ఇట్లు,
నిన్ను నమ్మించిన
నీ పెద్ద కూతురు