హెడ్ లేని ఇంజన్

అన్నకు తమ్ముడు పెంచలయ్య నమస్కరించి రాసుకున్నది. నేనిక్కడ క్షేమం. నువ్వు, వదిన, పిల్లలు, అవ్వ అందరూ బాగున్నారని తలుస్తాను. సీతారామపురంలో వాన పడిందా? ఆత్మకూరులో మన షెడ్డుకు ట్రాక్టర్లు వస్తున్నాయా?

ఫోన్‌లో చెబుదామంటే రూములో ఆరుగురం ఉన్నాం, నా గొంతేమో పెద్దది. అందుకే కాగితం పట్టుకున్నాను. పుణెలో చలి మొదలైంది. మెస్సు వాళ్లు పప్పులో కూడా బెల్లం వేస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన పెట్టిన చింతకాయ పచ్చడి కాస్త పంపించు. ఒంటికి ఏమీ లేదు, దిగులు పడొద్దు. మనసే మండిపోతోంది.

పోయిన వారం ఇక్కడ నేను పనిచేసే షెడ్డుకు ఒక పాతకాలపు లారీ వచ్చింది. దాని ఇంజన్ చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఒక్కో సిలిండర్‌లో రెండేసి పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి, మధ్యలో దగ్గరవుతాయి. ఆ మధ్యలోనే డీజిల్ మండుతుంది. ఇక సిలిండర్ కొసను మూసే హెడ్డు దేనికి? హెడ్డే లేదన్నా! పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు అటొకటి, ఇటొకటి, రెంటినీ కలుపుతూ గేర్లు.

పిస్టన్ రింగులు మార్చే పని నాకు అప్పగించారు. ఈ ఇంజన్ పుస్తకం ఫోర్‌మన్ బీరువాలో ఉంది, ఒకసారి బొమ్మలు చూపించమని అడిగాను. "ట్రాక్టర్లు విప్పుకునేవాడివి, నీకు పుస్తకమెందుకు?" అని అందరి ముందూ నవ్వాడు.

విప్పేటప్పుడు చూస్తే, ఒక క్రాంకు రెండోదానికంటే గేరు మీద నాలుగు పళ్లు ముందుంది. నువ్వు మన షెడ్డులో ఎప్పుడూ అనేదే గుర్తొచ్చింది: "రెండూ సమంగా ఉండాల్రా. తేడా ఉండాదంటే ముందర ఇప్పినోడు తప్పు చేసినాడని అర్థం." నేను ఆ తప్పు సరిదిద్దుతున్నాననుకుని రెండింటినీ సమంగా కూర్చోబెట్టాను. ఫోర్‌మన్ పక్కనే నిలబడి చూశాడు. నోరు విప్పలేదు!

స్టార్ట్ చేస్తే దగ్గింది, షెడ్డంతా నల్లటి పొగ. ఫోర్‌మన్ అప్పుడు తెచ్చాడు ఒక కాగితం. నాకు ఇంజన్ పని రాదనీ, బండ్లు కడిగే పనికి నా ఇష్టంతోనే పోతున్నాననీ అందులో రాసి ఉంది. రూములో ఉండే మన కలువాయి మాలకొండయ్య, "పెట్టేయరా సంతకం, ఏం పోయింది? వాడితో మనకేంది?" అన్నాడు. పోయేది నా పనితనం కాదూ?

మరునాడు పొద్దున టీ కూడా తాగకుండా కూర్చుని, ఇంజన్ చేత్తో తిప్పుతూ చూశాను. సిలిండర్ గోడలకే ఒక చివర గాలి వచ్చే బెజ్జాలు, రెండో చివర పొగ పోయే బెజ్జాలు ఉన్నాయి. నేను బిగించిన పద్ధతిలో రెండూ ఒకేసారి తెరుచుకుంటున్నాయి. పొగ బయటికి పోకముందే గాలి వస్తే ఎలా మండుతుంది? పొగవైపు పిస్టన్ కొంచెం ముందు నడవాలి. అంటే ఆ నాలుగు పళ్ల తేడా కావాలని పెట్టిందే. ముందటివాడు తప్పు చేయలేదు, నేనే చేశాను. నీ మీద కూడా కోపం వచ్చిందన్నా, దాచుకోను.

మళ్లీ విప్పి, నాలుగు పళ్లు జరిపి బిగించాను. రెండోసారి తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడు నువ్వు వినాల్సింది!

మధ్యాహ్నం ఓనర్ వచ్చాడు. ఫోర్‌మన్ నా ముందే, "వీడు పాడు చేస్తే నేను పుస్తకం చూసి బాగు చేశాను" అన్నాడు. ఆ బీరువా తాళమైనా తీయలేదు వాడు! నాకు వచ్చిన హిందీలోనే చెప్పాను: "పాడు చేసింది నేనే. బాగు చేసింది కూడా నేనే. ఆ కాగితంలో రెండూ రాయండి, సంతకం పెడతాను." ఓనర్ నవ్వి ఫోర్‌మన్ భుజం తట్టి వెళ్లిపోయాడు.

నేను సంతకం పెట్టలేదు. అయినా నాలుగు రోజులుగా లారీలు కడుగుతున్నాను. ఈ సంగతి అవ్వకు చెప్పొద్దు, అన్నం మానేస్తుంది. ఆమె కాళ్లకు నా దండాలు చెప్పు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పెద్దవాడివి, నీ దీవెన నాకు ఉండాలి.

అన్నా, పాడు చేసింది నేనే అన్నప్పుడు షెడ్డులో అందరూ తలూపారు. బాగు చేసింది నేనే అంటే ఒక్కడూ నమ్మలేదు. నువ్వు నమ్ముతావు కదా?

నీ తమ్ముడు,
పెంచలయ్య