చప్పట్లు కొడితే వచ్చి పిలువు

పారిస్,
1908 నవంబరు 17, మంగళవారం

ఒరేయ్ ఆన్సెల్మ్,

ఆదివారం మధ్యాహ్నం నీ ‘పొగమంచు’ కచేరీలో జరిగిన సమస్త అపరాధాలకూ మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ వేడుకుంటున్నాను. మొదటి వరుసలో ముసలాయన దగ్గాడు, తప్పు నాదే. బూర ఊదేవాడికి జలుబు, అదీ నా పుణ్యమే. సెయిన్ నదికి వరదొస్తే దానికీ నేనే పూచీ. ఇంత ధారాళంగా క్షమాపణ చెప్పేవాడు ఏదో దాస్తున్నాడని నీకు అనుమానం రావాలి. వచ్చిందా? సంతోషం.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. ‘నువ్వు రాలేదు, అర్థమైంది. ఆ సాయంత్రం రైలుకే రువాన్ వచ్చేశాను. ఇక నాన్న బొత్తాల దుకాణమే నాకు గతి. శనివారం స్వరప్రతిని పొయ్యిలో వేస్తాను’ అన్నావు.

ఆరేళ్లు ఒకే బల్ల మీద సంగీతం చదివాం. ఇద్దరం మన రచనలు కచేరీ సంఘానికి పంపాం. నీది ఎన్నికయింది. నాది అట్ట మీద కాఫీ మరకతో తిరిగొచ్చింది. పైగా నాకిచ్చిన ఉద్యోగం చూడు: నీ పాటలో మాటల్లేకుండా ‘ఆ’ అని పాడే ఇరవై నలుగురు ఆడవాళ్లు తెర వెనుక ఉంటారు, వాళ్లకు వేదిక కనబడదు, కనుక తెరలోని కంతలోంచి నేను వాద్యబృందాన్ని నడిపే పెద్దాయన బెత్తాన్ని చూస్తూ వాళ్లకు తాళం చూపాలి. నీ పాటకు నన్ను కిటికీని చేశారు. కుళ్లిపోయానురా. నీ స్వరప్రతిలో తప్పు కోసం నెల రోజులు వెతికాను. ఒకటి దొరికితే వారం రోజులు హాయిగా నిద్రపోయాను. తీరా అది నకలు రాసినవాడి తప్పట.

కచేరీకి ముందు నువ్వు హాల్లోకి రాలేక వీధి మూలనున్న కాఫీ హోటల్లో కూర్చుని, “చప్పట్లు కొడితే వచ్చి పిలువు. ఈలలేస్తే రాకు, నాకే తెలుస్తుంది” అన్నావు. అప్పటికే నేను నిశ్చయించుకున్నాను, తాళం అర క్షణం ఆలస్యంగా చూపాలని. అంతే చాలు, నీ పొగమంచు బురదవుతుంది.

“ఏమయ్యా ఎవరిస్త్, మొహం పాలిపోయిందేం? స్నేహితుడి కోసం భయమా?” అంది మదాం సిదోనీ, ఆ ఆడవాళ్లకు పెద్ద దిక్కు.

“అవునండీ.”

“నువ్వు చెయ్యి సరిగ్గా ఊపు చాలు. మిగతాది మా గొంతులు చూసుకుంటాయి.”

బెత్తం దిగింది. నా చెయ్యీ దానితోపాటే దిగింది, నన్నడక్కుండా. ఇరవై నాలుగు గొంతులు లేచాయి. కంతకు కన్ను ఆనించి నేను ఏడ్చాను. అంత బాగుంటే ఎవడికైనా ఒళ్లు మండదా?

తరువాత వినబడినవి ఈలలు కావురా. చప్పట్లు! “రాసినవాడేడీ? బయటికి రావాలి!” అని కేకలు. “పో, వాణ్ణి లాక్కురా!” అని సిదోనీ నన్ను నెట్టింది. పరుగెత్తాను. మెట్ల దగ్గర దారి రెండుగా చీలుతుంది, ఒకటి వీధికి, ఒకటి వేదికకు. తరువాత కచేరీ సంఘం వాళ్లే నీ గదికి కబురు పంపారు, తాళం వేసి ఉంది.

పొయ్యి వెలిగించకు. 29న మళ్లీ వాయిస్తున్నారు. కంత దగ్గర నేనే ఉంటాను, సిదోనీ నా చెవి పట్టుకుని ఉంటుంది.

దగ్గు నాది కాదు, జలుబు నాది కాదు. నేను చేసింది ఒక్కటే: వీధి వైపు తిరగలేదు. వేదిక ఎక్కాను. పెద్దాయన నోరు తెరిచేలోగా, నీ చప్పట్లకు నేను వంగి నమస్కరించాను. మూడుసార్లు.

నీ
ఎవరిస్త్