ముప్పైరెండు గళ్ళు

మార్చి 3, సోమవారం

గువ్వా, ఈరోజు నీ ఆఫీసు నుంచి కళ్ళజోడు వచ్చింది. నీ పక్కసీటు పిల్ల, నువ్వే అలా పేరు పెట్టావు కదా. నువ్వు పోయిన నాలుగు నెలలకు నీ డెస్కు సామాను అట్టపెట్టెలో సర్ది తెచ్చింది. కప్పు, దువ్వెన, హెడ్‌ఫోన్స్, ఊదారంగు స్వెట్టరు. ముందే తేవాల్సింది ఆంటీ, చేతులు రాలేదు అంది. మంచినీళ్ళిచ్చాను. అంతవరకూ బాగానే ఉంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, మన గువ్వ లేని ఆ సీటు చూడలేకపోతున్నాం ఆంటీ అంది.

మన గువ్వ!

ఆ పేరు నువ్వు పుట్టిన రోజున నేను పెట్టుకున్నది. బళ్ళో ఎవరికైనా చెప్తే నీకు సిగ్గు, నా నోరు మూసేదానివి. దానికెప్పుడు చెప్పావు? తలుపేశాను. ఒళ్ళు భగభగ మండిపోయింది.

మార్చి 5, బుధవారం

స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగితే ఎవరో కుట్టారు. దారం రంగు కలవలేదు. కుట్టు వంకరటింకర. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కుతున్న దాన్ని ఇంట్లో పెట్టుకుని, నువ్వు దాని చేత కుట్టించుకున్నావన్నమాట. బ్లేడుతో విప్పేశాను. మళ్ళీ కుట్టాను. నాదీ వంకరగానే వచ్చింది.

మార్చి 9, ఆదివారం

కళ్ళజోడును నేనే రమ్మన్నాను. నీ పనేమిటో దానికి తెలిసి నాకు తెలియకపోవడం నేను పడలేకపోయాను. చెప్పమ్మా, మా అమ్మాయి చేసేదేమిటి అని అడిగాను. అది అటూ ఇటూ చూసి, మిషన్ మీద ఉన్న పేరుపట్టీ తీసింది. ఆసుపత్రి వాళ్ళ యూనిఫాం జేబుల మీదకు నేను కుట్టే పట్టీలు. దీని మీద ఎన్ని అక్షరాలు పడతాయాంటీ అంది. పది అన్నాను. పదకొండు వస్తే అంది. కుట్టను, పిలిచి అడుగుతాను, ఏం చెయ్యమంటారని. అది నవ్వింది. అదే ఆంటీ మీ అమ్మాయి పని, ఎక్కడ నేర్చుకుందో ఇప్పుడు తెలిసింది అంది.

ఆసుపత్రిలో మందులకు అంటించే లేబుళ్ళ ప్రింటరట. లోపల ముప్పైరెండు గళ్ళ పెట్టె ఉంటుంది, బఫర్ అంటారు. రోగి పేరు, మందు పేరు, చివర మోతాదు, అన్నీ వరసగా అందులో పేర్చాలి. ఆఖరున ఇక్కడితో సరి అనే గుర్తుకు ఒక గడి వదలాలి. ఆ గుర్తు లేకపోతే ప్రింటరు ఆగదట, పక్క పెట్టెలోది కూడా చదువుకుంటూ పోతుంది. ఎక్కువ కుక్కితే పొర్లి పక్కదాన్ని పాడు చేస్తుంది. నీ కోడ్ పొర్లనివ్వదు. పట్టకపోతే లేబుల్ ఆపి నర్సును పిలుస్తుంది. పాత ప్రింటరు మీదా కొత్త ప్రింటరు మీదా అదే కోడ్ నడవాలి, కష్టమంతా అక్కడే, అందులో గువ్వ దిట్ట అంది.

నాకు అర్థమైంది. అయినా సంతోషం రాలేదు. మూడేళ్ళు అడిగాను నిన్ను. నీకర్థం కాదులేమ్మా అని ఫోన్ చూసుకునేదానివి. దానికి మాత్రం రోజూ అన్నం తింటూ చెప్పావు.

ఆఫీసు గోడకు నీ ఫొటో పెట్టారట. ఒక్క అక్షరం కూడా పొర్లనివ్వలేదు అని కింద రాశారట. ఎవరు రాశారు అన్నాను. నేనే ఆంటీ అంది.

టీ పెడదామనుకున్నాను. పెట్టలేదు.

మార్చి 11, మంగళవారం

ఒక్క పేరు మూడుసార్లు విప్పి కుట్టాను. నీ నవ్వులు నాకంటే అదే ఎక్కువ చూసింది.

మార్చి 14, శుక్రవారం

మీ పిన్ని ఆసుపత్రి డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది, నర్సు బట్టలు కూడా మార్చుకోలేదు. అక్కా, విన్నావా అంటూ మొదలుపెట్టింది. పాత ప్రింటరున్న వార్డులో బారెడు పేరున్న పెద్దాయన ఉన్నాడు. లేబుల్ మీద మోతాదు 500 పడాల్సిన చోట 50 పడింది. ఆఖరి సున్న ఎగిరిపోయింది. రెండు రోజులు యాభై చొప్పునే ఇచ్చారు. జ్వరం దిగకపోతే డాక్టరు చీటీతో సరిచూసి పట్టుకున్నారు. ఇప్పుడు లేచి కూర్చుని నర్సుల మీద కేకలేస్తున్నాడు, భయం లేదు అంది.

కంపెనీ వాళ్ళొచ్చి చూసుకున్నారట. టెస్ట్ చేశామన్న కాగితం మీద సంతకం కళ్ళజోడుదట. ఉద్యోగం ఉంచేదీ తీసేదీ గురువారం తేలుస్తారట.

ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నా కడుపు చల్లబడింది.

మార్చి 15, శనివారం

అది వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నీ నోట్‌బుక్ ఒకటి తన దగ్గర ఉండిపోయిందట, అది ఇచ్చింది. ఇది మీ దగ్గరే ఉండాలి ఆంటీ, ఎవరికీ ఇవ్వకండి అంది. నేను ఊరుకోవచ్చు కదా. మా అమ్మాయే ఉండుంటే ఇలాంటి పని జరిగేది కాదు అన్నాను. అవునాంటీ, జరిగేది కాదు అంది. నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం

నోట్‌బుక్ అంతా ఇంగ్లీషు. నీ చేతిరాత నిమురుకుంటూ తిప్పాను. ఆఖరి పేజీలో తెలుగు. నువ్వు పోయిన రోజుకు ముందురోజు తేదీ.

పాతవాటిలో మైనస్ ఒకటి వస్తోంది, నా చెక్ దాటిపోతోంది అని రాశావు. ఎవరికీ చెప్పలేదు అని రాశావు. కళ్ళజోడు పాతదాని మీద టెస్ట్ చేస్తానంటే, నేను చేసేశాను సంతకం పెట్టెయ్ అన్నాను, రేపు సరిచేస్తా అని రాశావు.

పక్కన బొమ్మ గీశావు కాబట్టి తెలిసింది. పట్టకపోతే కొత్త ప్రింటరు ఇన్ని గళ్ళు కావాలని లెక్క చెప్తుంది. పాతది లెక్క చెప్పదు, మైనస్ ఒకటి అని ఊరుకుంటుంది. నువ్వు పెట్టిన కాపలా అడిగేది ఒక్కటే, చెప్పిన అంకె ముప్పైరెండా, ఆ పైనా అని. మైనస్ ఒకటి ఎంతో కింద కదా. పట్టిందనుకుని పంపించేసింది. ఆఖరి గుర్తు నువ్వు విడిగా పెట్టావు కాబట్టి పొర్లలేదు. చోటు చాలక ఆఖరి సున్న మాత్రం పోయింది.

రేపు అని రాసి పొద్దున్నే స్కూటర్ మీద వెళ్ళావు. అంతే.

అది ఈ పేజీ చూసే ఉంటుంది. ఆఫీసులో పెడితే దాని ఉద్యోగం నిలిచేది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

నీ పేరు తీసుకుంది, నీ నవ్వులు తీసుకుంది. ఇప్పుడు నీ తప్పు కూడా తీసుకుని మోస్తోంది. నాకేం మిగిల్చావే?

మార్చి 18, మంగళవారం

నోట్‌బుక్ బీరువాలో బట్టల అడుగున పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. గోడ మీద నీ ఫొటో ఒక్కటే కదా నాకున్న గొప్ప. ఇవాళ ఒక్క పట్టీ కుట్టలేదు.

మార్చి 20, గురువారం

రెండు బస్సులు మారి వెళ్ళాను. నీ ఆఫీసు లోపలికి వెళ్ళడం అదే మొదలు. మేనేజరు కుర్చీ వేయించాడు. పేజీ తెరిచి ముందు పెట్టాను. చదివి కళ్ళు తుడుచుకున్నాడు. పోయిన పిల్ల మీద వేయడానికి మాకూ మనసొప్పదమ్మా, మీరు తీసుకెళ్ళిపోండి, నేను చూడలేదనుకుంటాను అన్నాడు.

మరి ఆ పిల్ల సంగతి అన్నాను.

సంతకం పెట్టింది కదమ్మా, ఎవరో ఒకరు ఉండాలి అన్నాడు.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నేను కన్న బిడ్డ బాబూ, దాని మంచీ నాదే, దాని తప్పూ నాదే, ఇంకొకళ్ళ పేరున కుట్టడానికి వీల్లేదు అన్నాను. గొంతు పెద్దదైంది. అందరూ లేచి చూశారు. గోడ మీద నువ్వూ చూస్తున్నావు.

అతను పేజీకి ఫొటో తీసుకున్నాడు. ఆ పిల్లను ఉంచుతామన్నాడు. గోడ మీద ఫొటో తీసేస్తారా అని అడిగాను. అతను చెప్పేదాకా ఆగలేదు. నేనే తీసి కొంగులో చుట్టుకున్నాను.

కళ్ళజోడు బస్టాపు దాకా వెంటపడి తిట్టింది. మీకేమైనా మతి ఉందా ఆంటీ, అది చచ్చిపోయాక కూడా మాట పడాలా అంది. తప్పు నా కూతురిది, నీకివ్వను పో అన్నాను. ఇద్దరం బస్టాపులో, జనం చూస్తున్నా, గొంతు చించుకుని ఏడ్చాం. కాసేపటికి అడిగాను, ఇప్పుడెలా సరిచేస్తారని. సున్నకు తక్కువ వచ్చినా ఆపు అని ఒక్క మాట చేర్చాలి ఆంటీ, అంతే అంది.

ఒక్క మాటేనా!

రేపు అదే రాస్తుంది, నీ సీట్లో కూర్చుని. ఇంకా మంటగానే ఉంది గువ్వా. అబద్ధం ఎందుకు.

మార్చి 22, శనివారం

అమ్మాయ్, కళ్ళజోడూ, ఈ పుస్తకం నీకే పంపుతున్నాను. నిన్ను చూసి ఏడ్చిందంతా ఇందులో ఉంది, ఒక్కటీ కొట్టేయలేదు. చదివి కోపమొస్తే వచ్చి తిట్టు. బాగా చిక్కిపోయావు. వేళకు కడుపునిండా తిను.