వాగు శుభ్రానికి ఇరవై రూపాయలు

సూర్యాపేట

మామయ్యకు నమస్కారాలు.

మాడుగులపల్లి దాటితే సిగ్నల్ లేక మీ ఫోను అందడం లేదు, అందుకే ఉత్తరం. ఆదివారాలు మీ గుట్ట కింది వాగు చూడటానికి కార్లలో జనం వస్తున్నారు కదా. "వాగు శుభ్రంగా ఉంచితే మనిషికి ఇరవై రూపాయల పన్ను కడతారా?" అని వాళ్లను అడిగి రాయండి. నా ఎంబీఏ ప్రాజెక్టుకు కావాలి. గడువు దగ్గర పడింది, నిద్ర పట్టడం లేదు.

మీ మేనకోడలు
ప్రత్యూష

తా.క.: అత్తమ్మతో అడిగించకండి. ఆమె అడిగితే ఎవరూ కాదనరు.

*

బిడ్డా ప్రత్యూషా, సల్లగుండు.

అడిగిన. ఒక్కరు గూడ కాదనలే. "తప్పకుండ కడతం, ప్రకృతిని కాపాడాలె" అన్నరు. మంచిదని చెయ్యి చాపిన. మొకాలు మారినయ్. కోదాడ నుంచి వచ్చిన మురళీధర్ అనేటాయన, "కడతానన్నాను గానీ, ఇప్పుడే అన్నానా అండీ?" అన్నడు. నేను ఇడువలే, అందరి దగ్గర వసూలు చేసిన. వాళ్లు పారేసిన కవర్లు మింగి మొన్న నా గొర్రె సచ్చింది. నాకూ నిద్ర లేదు.

నీ మామ
కాటయ్య

తా.క.: ఇంకేమన్న పన్నులుంటే రాయి. చెయ్యి అలవాటైంది.

*

మామయ్యా,

గొర్రె సంగతికి బాధేసింది. కానీ నేను అడగమన్నాను, వసూలు చేయమనలేదు. వాళ్ల మనసులో ఏముందో తెలిస్తే చాలు. పన్ను వేయడానికి మీరు పంచాయతీ కాదు. ఆ మురళీధర్ గారు కేసు పెడితే నా ప్రాజెక్టు, మీ పరువు రెండూ పోతాయి. ఎవరిది వాళ్లకు వెంటనే తిరిగి ఇచ్చేయండి.

కాలు నిలవక
ప్రత్యూష

తా.క.: ఆ డబ్బుతో అత్తమ్మ చీర కొనలేదు కదా?

*

బిడ్డా,

నువ్వు రాసినట్టే ఎవరిది వాళ్లకు ఇచ్చేసిన. పైసలైతే వాగుల చెత్త ఏరిన మా ఊరి కూలామె ఆండాలుకు కూలి కింద పోయినయ్. వాళ్లది నా దగ్గర ఇంకేమున్నది, చెత్తనే. ఈ ఆదివారం ఎవరు పారేసిన ప్లేట్లు, సీసలు వాళ్ల కార్లల్ల పెట్టిన. మురళీధర్ మళ్ల వచ్చిండు. బిర్యానీ బొక్కలు కొత్త సీటు మీద సూసి, "అవి తీసేయండి బాబూ, ఇరవై కాదు, యాభై తీసుకోండి" అన్నడు. ఎనక ఉన్నోళ్లు లైను కట్టిన్రు. అది సూసి సర్పంచే రసీదు బుక్కు తెచ్చిండు. ఇగ పన్ను పంచాయతీది, పని ఆండాలుది. గొర్రెలు నిమ్మలంగ మేస్తున్నయ్.

నీ మామ
కాటయ్య

తా.క.: ఒక్క జంట మాత్రం పైస కట్టలే. "సొంత చెల్లె దగ్గర గూడ పన్నా అన్నా?" అని అలిగి, చెత్త సంచి ఒళ్లె పెట్టుకొని సూర్యాపేట బస్సెక్కిన్రు. ఈ ఉత్తరం అందేసరికి మీ అమ్మా నాయిన ఇల్లు చేరి ఉంటరు, కిటికీలు తెరిచే ఉంచు.