సింధుజ దిద్దిన కథ

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్‌లో నివాసముంటున్న, కీర్తిశేషులు జ్ఞానేశ్వర్ గారి భార్య, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, అరవై తొమ్మిదేళ్ళ ఉమారాణి అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని రాసుకుంటున్న వీలునామా ఇది.

నా క్లోమంలో గడ్డ ఉందనీ, అది కాలేయం దాకా పాకిందనీ, ఇక ఇచ్చే మందులు నొప్పికే గాని రోగానికి కావనీ నగరంలోని డాక్టరు గారు మొన్న సెప్టెంబరులో చెప్పారు. దాచకుండా చెప్పమని నేనే అడిగాను. కాబట్టి చావు వస్తుందా రాదా అనే చర్చ ఈ కాగితంలో లేదు. నా బుద్ధి సరిగానే పనిచేస్తోంది. అక్షరాలు వంకరపోయాయి గాని అర్థాలు పోలేదు.

ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత సుధాకర్‌కు అప్పగిస్తున్నాను. అతను చేవెళ్ళలో న్యాయవాది. పదో తరగతిలో నా దగ్గర చదివాడు. అతనికి సంధులు ఎన్నడూ రాలేదు, సెక్షన్లు మాత్రం బాగా వచ్చాయి.

1. మొయినాబాద్‌లోని నా నూట యాభై గజాల ఇల్లు నా చెల్లెలు వసంతమ్మ చిన్న కూతురు అఖిలకు నా తదనంతరం సర్వహక్కులతో చెందుతుంది. అఖిల షాబాద్ దవాఖానలో నర్సు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి, తల్లికి తెలియకుండా నన్ను చూడడానికి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ చెప్పులు వాకిట్లో వదలకుండా లోపల తలుపు వెనక పెట్టేది, ఎవరైనా చూస్తారని. ఇకమీద ఆ ఇంటి వాకిట్లో చెప్పులు వదిలే హక్కు కూడా ఆమెదే.

2. పై ఇంటి వెనక గదిలో సాలమ్మ బతికినన్నాళ్ళు ఉండవచ్చు. ఆమెను ఖాళీ చేయమనే అధికారం ఎవరికీ లేదు. గ్యాస్ పొయ్యి, ఇనుప బీరువా, నా చలికాలం శాలువలు రెండూ ఆమెవే. పదిహేనేళ్ళుగా నాకు వండిపెడుతోంది. వారానికోసారి సెలవు కోసం నాతో కొట్లాడే మనిషి, సెప్టెంబరు నుంచి ఒక్కసారి కూడా సెలవు అడగలేదు. గమనించాను.

3. నా పేరున ఉన్న ఎకరం ఐదు గుంటల చామంతి తోటలో ఇరవై గుంటలు బాలప్పకు, మిగతాది అఖిలకు. బాలప్ప ఇరవై రెండేళ్ళుగా ఆ మట్టిని పిసుకుతున్నాడు. మోకిల వైపు నుంచి కార్లలో వచ్చి తోటను ప్లాట్లు చేద్దామన్న వాళ్ళందరినీ నాకు తెలియకుండానే తరిమేశాడట. అడిగితే, "టీచరమ్మ నిద్రపోతున్నది, మళ్ళ రాండ్రి అని చెప్పిన" అన్నాడు. పగలు పదకొండు గంటలకు.

4. నా మరిది రాజమౌళికి నా భర్త చేతి గడియారం. ఉమారాణి ఎవరి గురించి రాస్తే వాళ్ళు పోతారని ఊరంతా చెప్పింది ఇతనే. నా భర్త గుండెపోటుతో పోయినప్పుడు కూడా, ఆయన గురించి ఏమన్నా రాశానా అని నా కాగితాలు వెతికించాడు. ఇరవై ఏళ్ళుగా నా ఇంట్లో చాయ్ కూడా తాగలేదు. అతని గురించి నేను ఎన్నడూ, ఏ కథలోనూ, ఒక్క వాక్యం కూడా రాయలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. రాయదగ్గదేమీ కనిపించలేదు.

5. నేను రాసిన ఇరవై ఆరు కథల హక్కులు ఝాన్సీకి చెందుతాయి. ఝాన్సీ నా శిష్యురాలు, ఇప్పుడు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఇవన్నీ ఒకప్పుడు వారపత్రికల్లో భయం కథల పేజీలో వచ్చినవి. పాడుబడిన దొరల గడీ, తెరవని గది, అద్దంలో ఆలస్యంగా కదిలే నీడ, ఇలాంటివే. ఝాన్సీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు అడుగుతుంటుంది కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను: ఆ రకం కథలో చావు ముందే చెప్పి వస్తుంది. మొదటి పేజీలో గోడ గడియారం ఆగిందంటే ఆఖరి పేజీలో ఎవరో ఒకరు పోవాల్సిందే. తలుపులు బిగించుకున్నా, ఊరు మారినా లాభం లేదు. చదివేవాళ్ళకు ఆ సంగతి తెలుసు, తెలిసే చదువుతారు. తప్పించుకోలేని దాన్ని ఒకసారి కాగితం మీద చూసుకుంటే కొంత ధైర్యమని నేను క్లాసులో చెప్పేదాన్ని. అలా చెప్పడం సులువు.

ఇరవై ఆరో కథను మాత్రం వసంతమ్మ ఒప్పుకుంటే తప్ప మళ్ళీ అచ్చు వేయకూడదు. కారణం కింది నిబంధనలో ఉంది.

6. ఇరవై ఆరో కథ చేతిరాత ప్రతి గురించి.

ఇది పందొమ్మిది పేజీలు. నీలం సిరాతో ఉన్నది నా రాత. ఆకుపచ్చ సిరాతో ఉన్న కొట్టివేతలు, దిద్దుబాట్లు, పక్కన రాసిన మాటలు వసంతమ్మ పెద్ద కూతురు సింధుజవి.

సింధుజ గుండెలో పుట్టుకతోనే రంధ్రం ఉంది. అది బయటపడేసరికి ఊపిరితిత్తులు పాడైపోయి, ఆపరేషన్ చేసే సమయం దాటిపోయింది. పిల్లకు రక్తం తక్కువని మాత్రం చెప్పాము. అసలు సంగతి వసంతమ్మకు, ఆమె భర్తకు, నాకు తెలుసు. 2001 వేసవి సెలవుల్లో సింధుజ మా ఇంట్లో నెల రోజులు ఉంది. ఇంటర్ రెండో ఏడాదికి వచ్చింది, పదిహేడేళ్ళు. నా కథలన్నీ వరసగా చదివేసింది. ఒక మధ్యాహ్నం వరండాలో మామిడికాయ ముక్కలు తింటూ అంది:

"పెద్దమ్మా, నీ కథలల్ల సచ్చేటోళ్ళకు ముందుగాల అన్నీ కనబడ్తయి గదా. గడియారం ఆగుతది, గుడ్లగూబ మొత్తుకుంటది. మా ఇంట్ల గడియారం ఎప్పుడో ఆగింది, సెల్లు లేక. దానికి ఎవ్వరు సావలేదు."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"నాకు ఒక్కటే గుర్తు కనబడ్డది. అమ్మ తిట్టుడు బంద్ చేసింది. గిన్నె పగలగొట్టినా ఏమంటలేదు. నేను పోత గదా, పెద్దమ్మా?"

తెలుగు టీచరుగా అప్పటికి ఇరవై ఏళ్ళ అనుభవం. మామిడికాయ ముక్కల మీద ఇంకాస్త ఉప్పు చల్లాను. అదే ఆమెకు జవాబయింది.

తనే మళ్ళీ అడిగింది. "నా కథ రాయి. గడీలు, దయ్యాలు వద్దు, మా ఇల్లే పెట్టు. ఆఖరికి నన్ను బతికియ్యకు, అబద్ధమైతది. ఇంకోటి, నాకు తెల్సని అమ్మకు చెప్పకు. నాకు తెల్వదనుకునే అమ్మ నవ్వుతున్నది." చేతిలో చేయి వేయించుకుంది. గోళ్ళకు ఎర్ర రంగు వేసుకుని ఉంది. ఆ రంగు కింద గోళ్ళు నీలంగా ఉంటాయని, అది కనపడకుండా వేసుకుందని అప్పుడు అర్థమైంది.

ఆ నెలలోనే రాశాను. రెండుసార్లు పిల్లను బతికిస్తూ ముగించాను. రెండుసార్లూ ఆకుపచ్చ గీత పడింది. గడియారం పెడితే కొట్టేసింది. ఏడుపు ఎక్కువైన చోట పక్కన "గింతగనం ఏడ్వరు, పనులుంటయి" అని రాసింది. ఆ మాట నాకు ఇంతవరకు ఏ విమర్శకుడూ చెప్పలేదు.

అచ్చులో చూసుకుంటానని పట్టుబట్టింది. శుద్ధప్రతి రాసి పంపాను. పత్రిక వాళ్ళు భయం చాలలేదని నన్ను అడక్కుండా గడియారాన్ని, గుడ్లగూబను చేర్చారు. తల్లి తిట్టడం మానేసిన భాగం తీసేశారు. పైన పుర్రె బొమ్మ వేశారు. ఆ వారం సింధుజ దాన్ని చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత పదకొండు రోజులకు పోయింది.

పత్రిక ఆమె దిండు కింద దొరికింది. పదో రోజు కర్మ నాడు అందరి ముందు వసంతమ్మ నాతో, "నా బిడ్డ బతికుండంగనే సంపి, అచ్చేయించినవ్. నా గడప తొక్కకు" అంది. పిల్లే రాయమందని నేను చెప్పవచ్చు. చెబితే, పిల్లకు అంతా తెలుసునని కూడా చెప్పాలి. చేతిలో చేయి వేశాను కదా. లేచి వచ్చేశాను. ఆ తర్వాత నేను కథ రాయలేదు, ఆమె నాతో మాట్లాడలేదు. ఆమె ఉండే చేవెళ్ళకు, మొయినాబాద్‌కు మధ్య బస్సులో అరగంట కూడా పట్టదు. ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

పై ప్రతిని కవరులో పెట్టి సీలు వేసి, నా దహనం అయ్యాక వసంతమ్మకు ఇవ్వాలని ఈ నిబంధనలో మొదట రాశాను. ఆ వాక్యం రద్దు.

7. రద్దుకు కారణం. చిత్తుప్రతి చదివి సుధాకర్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "టీచర్, చట్టప్రకారం అంతా మంచిగనే ఉన్నది. కాని మీరు పోయినంక ఇది ఆమెకిస్తే, ఆమె ఎవరిని అడగాలె?" అన్నాడు.

మొన్న మంగళవారం పొద్దున సాలమ్మను తోడు తీసుకుని ఆటోలో చేవెళ్ళ వెళ్ళాను. వసంతమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నన్ను చూసింది. నా ఒంటి మీద మాంసం ఎంత పోయిందో చూసింది. గడప తొక్కవద్దన్నది కనుక గడప బయటే నిలబడి కాగితాలు చేతికిచ్చాను.

వసంతమ్మ ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతుంది. పందొమ్మిది పేజీలకు గంట పైనే పట్టింది. ఆకుపచ్చ సిరా వచ్చిన ప్రతిచోటా వేలు ఆగింది. అంతసేపూ సాలమ్మ తెచ్చి వేసిన కుర్చీలో కూర్చున్నాను. చదివాక కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, నన్ను చూడకుండా అంది:

"దానికి తెల్సని నాకు తెల్సు, అక్కా. గోళ్ళకు రంగు ఏసుకున్ననాడే తెల్సింది. అది తెల్వనట్టు ఉన్నది, నేను తెల్వనట్టు ఉన్న."

మరి నన్నెందుకు అన్నావని అడిగాను. గొంతు పెరిగింది నాకు.

"ఎవరి మీదనన్న ఎయ్యకుంటే నేను ఎట్ల బతకాలె? దేవుని మీదేస్తే రేపు దీపం ఎట్ల ముట్టియ్యాలె? దాని నాయిన మీదేస్తే ఆయన ఆ యేడే పోతుండె. చిన్న పిల్లను సాదాలె. నీ మీదేసిన. నువ్వు ఓర్సుకుంటవని ఎర్కనే."

నాకు కోపం వచ్చింది. వీలునామాలో అబద్ధం రాయకూడదు కాబట్టి చెబుతున్నాను, ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె కోసం ఊరి చేత మంత్రగత్తె అనిపించుకున్నాను, రాయడం మానుకున్నాను. ఆమె రక్షణ కోసమని నేను దాచిన సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. లేచాను, ఆటో పిలవమన్నాను.

"కూసో. తిని పో" అంది. లేచి నిలబడ్డంత మాత్రాన నాకు ఊపిరి అందడం లేదు. కూర్చున్నాను. అనపగింజల కూర, జొన్నరొట్టె పెట్టింది. రెండు ముద్దలు దిగాయి. చాలా రోజుల తర్వాత రెండు దిగాయి. తింటుంటే ఎదురుగా కూర్చుని, రోగం ఎప్పుడు బయటపడ్డది, ఏ మందులు, రాత్రుళ్ళు పక్కన ఎవరుంటున్నారు, అన్నీ అడిగింది. సాలమ్మ చెప్పింది, నేను తిన్నాను.

కాగితాలు తిరిగి ఇవ్వలేదు. బియ్యం డబ్బా పైన, దేవుని పటాల పక్కన పెట్టింది. కాబట్టి సదరు చేతిరాత ప్రతి నేను బతికుండగానే వసంతమ్మ స్వాధీనమైంది. దాని మీద నాకు గాని నా వారసులకు గాని ఏ హక్కూ లేదు.

8. అంత్యక్రియలు. తల కొరివి విషయంలో రాజమౌళి కొడుక్కు ఇష్టమైతే సరే, భయమైతే అఖిల పెడుతుంది. కర్మలు మూడు రోజులకు మించి అక్కర్లేదు. పేపర్లో ఫోటో వేయించవద్దు.

ఆటో ఎక్కుతుంటే వసంతమ్మ నా చేయి పట్టుకుని ఒక్కటే అడిగింది. "ఆనాడు నీకు తానం నేను పోస్త. ఇంకెవ్వరిని ముట్టనియ్యకు." ఆ ఆఖరి స్నానానికి ఒప్పుకున్నాను. ఇది ఈ వీలునామాలో అన్ని నిబంధనల కంటే ముఖ్యమైనదిగా సుధాకర్ పరిగణించాలి. కబురు మొదట ఆమెకే వెళ్ళాలి. చుట్టాలు తొందర పెడతారు, ఎండ ఎక్కుతోందంటారు, ఆలస్యమైతే మంచిది కాదంటారు. ఎవరేమన్నా ఆమె వచ్చేదాకా నన్ను లేపకూడదు. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి, బస్సు మెట్టు ఎక్కడానికే చాలాసేపు పడుతుంది. స్టాండు నుంచి ఇంటి దాకా మెల్లగా నడిచి వస్తుంది. ఆగండి.

ఇది చదివించుకుని, విని, సమ్మతించి సంతకం చేశాను.

మొయినాబాద్, 2025 నవంబరు 21, శుక్రవారం

(సంతకం) ఉమారాణి

మా ఎదుట వీలునామాకర్త సంతకం చేయగా చూసి సాక్షులుగా సంతకం చేసినవారు:

1. సాంబశివరావు, పక్కింటివారు, మొయినాబాద్
2. పాండు, విశ్రాంత పోస్ట్‌మాన్, చేవెళ్ళ