పాలు లేని పెరుగు

6 మే 1986, మంగళవారం
ఇంగ్లండు ఆవిడ దిగింది. పేరు ఐరీన్. మామిడికాయల్లో పండు ఈగ మీద రీసెర్చ్. మా ఆయన పనిచేసే ఉద్యానశాఖ వాళ్ళు, నూజివీడులో ఆడమనిషి ఒంటరిగా దిగే లాడ్జి లేదని, మా ముందుగది ఖాళీగా ఉందని ఇక్కడికి పంపారు. మాంసం, గుడ్డు ముట్టదట. దేశాలు పట్టుకు తిరుగుతూ సగం రోజులు రొట్టె, అరటిపండుతో గడిపిందట. నాకు నవ్వొచ్చింది. శాకాహారం వెతుక్కుంటూ వచ్చి వచ్చి సరైన ఇంట్లోనే పడింది. ఒళ్ళు చేసి మరీ వెళ్తుంది చూడండని ఆయనతో అన్నాను.

8 మే, గురువారం
తల కొట్టేసినట్టయింది. నిన్న భోజనంలో ఒక్కో గిన్నె చూపించి పాలున్నాయా అని అడిగింది. లేవని ధైర్యంగా చెప్పి మజ్జిగపులుసు వేశాను. ముద్దపప్పులో నెయ్యి వేశాను. అందులో పాలెక్కడున్నాయి? ఇవాళ దొడ్లో దూడని కట్టేసి ఆవుని పితుకుతుంటే నిలబడి చూసి, నెయ్యి దేనితో చేస్తారని అడిగింది. చెప్పాను. మొహం పాలిపోయింది. పాలు, పెరుగు, వెన్న, తేనె ఏవీ తినదట. అలాంటివాళ్ళని వీగన్ అంటారట. కోప్పడలేదు. సరిగ్గా అడగకపోవడం తన తప్పేనంది. కోప్పడినా బాగుండేది.

9 మే
ఈ ఇంట్లో నాకంటే మడి మనిషి దిగింది.

10 మే, శనివారం
నెయ్యి బదులు నువ్వులనూనె వేస్తున్నాను. పప్పు, వంకాయ కూర, కొత్తావకాయ అన్నీ ఇష్టంగా తింటోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆవకాయ వదలదు. చారు దాకా బాగానే ఉంటుంది. మేం పెరుగు కలుపుకునేటప్పుడు ఆవిడ ఖాళీ కంచం ముందు కూర్చుంటుంది. నాకు ముద్ద దిగడం లేదు. పెరుగన్నం తినకుండా లేస్తే అదేం భోజనం?

పక్కింటి నాగేంద్రమ్మ గారికి మామిడితోట, దొడ్డి నిండా గేదెలు. గోడ మీంచి అడిగింది, దొరసానికి పెరుగు కూడా పొయ్యట్లేదంటగా, పాడి తగ్గిందా ఏంటి, మా ఇంటి నుంచి పంపించమంటారా అని. నేను చెప్పింది ఒక్క ముక్క నమ్మలేదు.

ఆవిడని విజయవాడ హోటలుకి మార్చేద్దాం, రోజూ జీపులో వచ్చి వెళ్తుంది, నీకూ తిప్పలుండవు అన్నారాయన. అంటే హైమవతి అతిథికి అన్నం పెట్టలేక హోటలుకి తోలిందని ఊరంతా అనుకోవాలి! గురువారం దాకా ఆగమన్నాను.

12 మే, సోమవారం
కొబ్బరిపాలు తీసి, తోడు వెయ్యడానికి పెరుగు గిన్నెలో చెంచా పెట్టాను. చెయ్యి ఆగిపోయింది. తోడు కూడా పెరుగేగా! చెంచాడే కదా, ఆవిడకేం తెలుస్తుంది అన్నారాయన. ఎక్కడలేని కోపం వచ్చింది. మన చారులో ఎవరైనా ఎముక వేసి తీసేస్తే, మనకి తెలియదని తాగేస్తామా అని అడిగాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు.

13 మే
నిన్న రాత్రి అమ్మ గుర్తొచ్చింది. దీపాలు పెట్టాక పక్కింటికి తోడు అడగడానికి వెళ్ళకూడదు. ఇంట్లో తోడు అయిపోయిన రోజు అమ్మ గోరువెచ్చని పాలల్లో ఎండుమిరపకాయల తొడిమలు వేసేది. తెల్లారేసరికి పెరుగు. అలాగే కొబ్బరిపాలల్లో వేసి చూశాను. పొద్దున చూస్తే నూనె ఒకవైపు, నీళ్ళు ఒకవైపు. పారబోశాను. వేరుశనగపప్పు నానబోశాను. రుబ్బి, గుడ్డలో వడగట్టి, కాచి, తొడిమలు వేసి మూత పెట్టాను.

14 మే, బుధవారం
నీళ్ళనీళ్ళగా ఉంది. పచ్చి వాసన. నీ దొరసాని పెరుగు నా కంచం దరిదాపులకి రానివ్వకు అన్నారాయన, ముక్కు మూసుకుని. అననీ. నాలిక మీద వేసుకుని చూశాను, పులిసింది! పులిసిందంటే తోడు దొరికినట్టే. మళ్ళీ వేరుశనగపాలు తీసి అందులోంచి చెంచాడు కలిపాను.

15 మే, ఉదయం
గిన్నె ఒంచి చూశాను. కదల్లేదు.

అదే రోజు, మధ్యాహ్నం
వడ్డించగానే ఐరీన్ భయంగా నా మొహంలోకి చూసింది. నా పి.యు.సి. ఇంగ్లీషుతో నానబోసిన దగ్గర్నుంచి చెప్పాను. తోడు కూడా పాలది కాదని రెండుసార్లు చెప్పాను. పక్కన చిన్నరసం మామిడిపండు పెట్టాను. చేత్తో కలుపుకుని తింది. ఏ దేశం వెళ్ళినా ఇది తీసేసి తిను, అది పక్కన పెట్టి తిను అన్నవాళ్ళే గానీ, తన కోసం కూర్చుని ఒక వంటకం కొత్తగా చేసినవాళ్ళు లేరంది. తర్వాత కంచం నా వైపు జరిపి మారు అడిగింది.

నాగేంద్రమ్మ గారిని పిలిచి మరీ చూపించాను. అరచేతిలో వేస్తే నాకి, మా గేదెలకి ఎసరు పెట్టారే అంది. గర్వపడకూడదంటారు. ఎందుకు పడకూడదు? ఇవాళంతా పడ్డాను.

21 మే, బుధవారం
ఐరీన్‌ని హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కించాం. ఈగ గుడ్లు పెట్టి ఉంటుందేమోనని ఒక్క పండు కూడా తీసుకెళ్ళలేదు. మిరప తొడిమలు మాత్రం పొట్లం కట్టించుకుంది. రోజూ నేను చీపురుతో ఊడ్చేసేవి లండన్ వెళ్తున్నాయి.

23 మే
నిన్న దూడని కట్టెయ్యలేదు. కడుపునిండా తాగింది. రాత్రికి మళ్ళీ వేరుశనగపప్పు రుబ్బాను.

ఈ మధ్యాహ్నం ఆయన పెరుగన్నం రెండోసారి కలుపుకుని, ఇవాళ ఇంత గట్టిగా ఉందేంటి అన్నారు. ఆవిడకేం తెలుస్తుంది అన్నది ఈయనే.

ఎండలకి బాగా తోడుకుందండీ, అన్నాను.